వీపు తెలిసిన కుర్చీ

వరహాలు సెంట్రింగ్ మేస్త్రి. ఇంటికి కప్పు పోసే ముందు కింద చెక్కలతో అచ్చు బిగించడం, సిమెంటు గట్టిపడ్డాక ఆ చెక్కలన్నీ ఊడదీసి లారీకెక్కించడం అతని పని. "ఊరంతా నాను కట్టినాను గానీ ఎక్కడా నా సెక్క ముక్క అవుపడదు" అని తన మీద తనే నవ్వుకునేవాడు. పలాస దగ్గరి పల్లె నుంచి, పెళ్లయిన కొత్తలో భార్య ధనమ్మను వెంటబెట్టుకుని టాటానగర్‌లో రైలు దిగిన మనిషి. బర్మామైన్స్‌లో పట్టాల వారనున్న మా లైనులోనే వాళ్ల ఒంటిగది ఇల్లు. నాది స్టేషన్లో పార్సెల్ ఆఫీసు ఉద్యోగం. డ్యూటీకి పోతూ వస్తూ వాళ్ల గుమ్మం దాటాల్సిందే కనక, చెప్పబోయే దాంట్లో సగం కళ్లారా చూశాను. మిగతా సగం ధనమ్మ చెప్పింది.

పంతొమ్మిదివందల డెబ్బయి మూడులో, వానలు మొదలవబోతుండగా, సోనారీలో ఒక పెద్దావిడ ఇంటి వరండా కప్పు కారుతోందని కాంట్రాక్టరు వరహాలును పంపించాడు. ఆవిడ పేరు గౌరీదేవి, బెంగాలీ ఆవిడ. ఇంజనీరుగా చేసిన భర్త అప్పటికి కాలం చేశాడు. పని మొదలెట్టే ముందు వరండాలో సామానంతా లోపలికి చేర్చాలి. మూలన ఒక కుర్చీ ఉంది. వరహాలు అలవాటుగా మోకాళ్లు వంచి, నడుం బిగించి, రెండు చేతులా దాన్ని ఎత్తాడు. అది కాస్తా నెత్తి మీదికి లేచిపోయింది! బరువుంటుందనుకుని పెట్టిన బలమంతా వృథా అయ్యి, వెనక్కి తూలి గోడకు ఆనుకున్నాడు. కుర్చీ చేతుల్లోనే ఉంది. చేపలబుట్ట పాటి బరువు లేదు.

కింద దింపి దాని చుట్టూ తిరిగాడు. కాళ్లు పైన కాస్త లావుగా మొదలై, కిందికి దిగేకొద్దీ సన్నబడుతున్నాయి. వీపు ఆనే కర్రా చేతులు పెట్టుకునే కర్రా వేరు వేరు కాదు. ఒకటే కర్ర ఈ చేతి నుంచి బయల్దేరి, వీపు వెనకనుంచి చుట్టి, ఆ చేతి దగ్గరికి వచ్చి ఆగింది. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకలేదు. అతనికి తెలిసిన కుర్చీలు రెండు రకాలు. ఆఫీసుల్లో ఉండే ఏనుగు కాళ్ల టేకు కుర్చీలూ, టీ బడ్డీల దగ్గర ఇనప మడత కుర్చీలూ. ఇది రెంటికీ చుట్టం కాదు. మెల్లగా తలకిందులు చేసి చూస్తుండగా వెనక గౌరీదేవి నిలబడి ఉంది.

"ఏం వెతుకుతున్నావు?" అంది హిందీలో.

వరహాలు కంగారుపడ్డాడు గానీ అబద్ధం చెప్పలేదు. "మేకు ఎక్కడుందా అని చూస్తున్నాను అమ్మగారూ."

"లేదు. ఒక్కటీ లేదు" అని ఆవిడ నవ్వింది. తన భర్త కుర్రతనంలో కంపెనీ పని మీద డెన్మార్క్ అనే చలిదేశం వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు అందరూ గడియారాలూ కోట్లూ తెచ్చుకుంటే తను ఈ కుర్చీని ఓడలో తెచ్చాడని చెప్పింది. అక్కడ యుద్ధం అయిపోయాక, చిన్న చిన్న ఇళ్లలో పట్టేలా, మామూలు మనుషులు మోసుకోగలిగేలా ఇలాంటివి చేశారట. "కూర్చునే చోటు చూడు. దేంతో అల్లారనుకున్నావు?"

వరహాలు గోరుతో గీరి చూశాడు. నారా కాదు, బెత్తమూ కాదు.

"కాగితం. కాగితాన్ని పురిపెట్టి అల్లారు."

కాగితం మీద మనిషి కూర్చోవడమా! అతను నమ్మలేకపోయాడు. ఆవిడ అతని మొహం చూసి, "కూర్చో" అంది. వద్దన్నాడు, బట్టల నిండా సిమెంటన్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి అంచున కూర్చుని, కొంచెం కొంచెంగా వెనక్కి జరిగాడు. "నాకు ఈపు ఉన్నాదని ఆయేల తెలిసింది" అని ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో. మొయ్యడానికీ వంగడానికీ తప్ప అతనికి వీపుతో పని పడలేదు. నడుం దగ్గర ఎవరో అరచెయ్యి ఆనించి 'నేనున్నాలే' అన్నట్టుందట. కళ్లలో నీళ్లు తిరిగాయని ధనమ్మతో మాత్రం చెప్పుకున్నాడు.

ఆ ఇంటి కప్పు పని అయిపోయింది. వరహాలుకు కుర్చీ పని పట్టుకుంది. గౌరీదేవిని అడిగి, పురికొసకు ముళ్లు వేసుకుంటూ కొలతలు తీసుకొచ్చాడు. లైనులో గుమ్మం ముందు కూర్చుని, సెంట్రింగులో పనికిరాని చెక్కలతో మొదలెట్టాడు. కాళ్లు కుదిరాయి. వీపు కర్ర దగ్గర పని ఆగిపోయింది. ముక్కలు ముక్కలుగా కోసి అతికిస్తే కూర్చోగానే విరిగాయి. ఒంటి కర్రను వంచబోతే ఫట్‌మని పేలింది. పక్కింటి సూర్యకాంతం, రైల్వే గార్డు గారి భార్య, ప్రతి ఆదివారం ఆ చప్పుడు విని "ఇంకోటి పోయింది" అనేది.

ఒకరోజు ధనమ్మ పొయ్యి దగ్గర ఆవిరి కుడుములు దించుతూ, గుమ్మంలో విరిగిన కర్ర పట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది.

"మావా, పచ్చిదాన్ని వంచితే విరగదేటి? ఉడకెట్టు."

"కర్రనా?"

"కర్రనే. మా అమ్మోలింట్లో బుట్టల కోసం వెదురు పేళ్లు ఆవిరికి పెట్టీవోరు. తాడునాగ వంగీది."

వరహాలు విరిగిన కర్రను పక్కన పడేసి లేచాడు. మర్నాడే రేకుతో పొడుగాటి గొట్టం చేయించాడు. వడ్లు ఉడకబెట్టే గుండిగ మీద దాన్ని నిలిపి, లోపల కర్ర పెట్టి, గుడ్డలు కుక్కి మంట పెట్టారు. కర్ర వంగింది, కానీ పగుళ్లిచ్చింది. లారీలకు చెక్క బాడీలు కట్టే గుర్బచన్ సింగ్ అటుగా పోతూ చూసి, కర్ర చేతిలోకి తీసుకున్నాడు. "హాకీ కర్ర దేంతో చేస్తారు మేస్త్రీ? షహతూత్. ఆ కొన ఊరికే వంగిందనుకున్నావా?" అన్నాడు. షహతూత్ అంటే మన కంబళి చెట్టు, పట్టుపురుగులకు ఆకు వేసే మల్బరీ. ఈదురుగాలికి సోనారీ రోడ్డు మీద ఒకటి పడిందని తెలిసి, వరహాలు దాని పచ్చి కొమ్మను సైకిలుకు కట్టుకుని తెచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున లైనంతా గుమిగూడింది. అక్కడున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. గొట్టంలోంచి ఆవిరి పొగలుపొగలుగా వస్తోంది. గోనెగుడ్డలు చేతులకు చుట్టుకుని వరహాలు ఒక కొసా ధనమ్మ ఒక కొసా పట్టుకుని, కుర్చీ వీపు వంపులో చెక్కతో బిగించిన అచ్చు చుట్టూ కర్రను లాగారు. అందరం ఫట్‌మంటుందని చెవులు రిక్కించి ఉన్నాం. అది పేలలేదు. నిద్రలో పిల్ల తల్లి చుట్టూ చెయ్యి వేసినంత మెత్తగా ఆ కర్ర అచ్చును చుట్టుకుంది. పక్కన పట్టాల మీద గూడ్సు బండి పోతోంది, దాని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చెట్టు ఒంట్లో ఇంత దయ ఉంటుందా అని నాకు తోచింది. సూర్యకాంతం మాత్రం దగ్గరికొచ్చి, వేడి కర్రను ముట్టుకుని, "ఓలమ్మ! ఇది కర్రేనా?" అంది.

కాగితపు పురి మనకెక్కడిది? మంచాలల్లే సబాయి గడ్డి తాడును సన్నగా పేని, ధనమ్మ కుర్చీ అల్లింది. కుర్చీ తయారయ్యాక లైనులో వంతులేసుకుని కూర్చున్నారు. ఒంటిగది ఇళ్లవాళ్లకు నచ్చింది మరోటుంది. పగలు కూర్చుని, పడుకునే వేళకు ఒక చేత్తో ఎత్తి గోడ మేకుకు తగిలించెయ్యొచ్చు. అడిగినవాళ్లకు తీరిక దొరికినప్పుడు ఒకటీ అరా చేసిచ్చేవాడు. అన్నీ ఆ సోనారీ కుర్చీకి నకళ్లే. పురికొసలోని ఒక్క ముడి కూడా తప్పేవాడు కాదు. దేవుడి పటం ముందు నిలబడ్డట్టు ఆ కొలతల ముందు నిలబడేవాడు.

డెబ్బయి ఎనిమిది వానాకాలంలో, కుళాయి దగ్గరి పాచి మీద ధనమ్మ కాలు జారింది. వెన్నెముక దెబ్బతింది. ఆస్పత్రిలో చాలాకాలం ఉంచి, కాళ్లకు ప్రాణముంది, మెల్లగా అడుగులు వేస్తుంది, కానీ నడుం పూర్తిగా నిలవదని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక ఆమెకు మిగిలింది పడుకోవడమే. తనే అల్లిన కుర్చీలో కూర్చోబెడితే చిటికెలో మొహం చెమటలు పట్టి, పళ్లు బిగించేది. దిండ్లు పెట్టినా అంతే. అంతవరకూ లైనులో ఏ ఇంట్లో ఏం జరిగినా ముందుండే మనిషికి ఇప్పుడు కప్పు రేకులు తప్ప ఏమీ కనిపించేది కాదు.

"వీధిలో ఎవులు పోతన్నారో సెప్పు మావా" అని అడిగేది. వరహాలు గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. కూరలోడు, సూర్యకాంతం, ఎవరిదో మేక.

లోపం తన చేతిలోనే ఉందని అతను అనుకున్నాడు. తను చేసింది నకలు, అసలుదైతే ఇలా ఉండదు కదా! గౌరీదేవి కాళ్ల మీద పడినంత పని చేసి, ధనమ్మను రిక్షాలో సోనారీ తీసుకెళ్లాడు. ఇద్దరూ కలిసి ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ధనమ్మ కాసేపు ఓర్చుకుంది. "ఎలగుంది?" అన్నాడు.

"కోపగించకు మావా. ఇక్కడ నొప్పెడతంది" అని నడుం కింద చూపించింది. "కాళ్లు నేలకి అందట్నేదు."

వరహాలు కిందికి చూశాడు. నిజమే. ఆమె పాదాలు నేలకు కాస్త పైన వేలాడుతున్నాయి. ఇన్నేళ్లూ కుర్చీనే చూశాడు, కూర్చున్నవాళ్ల పాదాలు చూడలేదు. గౌరీదేవి మెల్లగా, "మా ఆయన తాటిచెట్టంత మనిషి. అక్కడివాళ్లూ అంతే. నా కాళ్లు కూడా ఎప్పుడూ అందలేదు. అందుకే ఆయన పోయాక నేను దీంట్లో కూర్చోలేదు" అంది.

తిరుగుదారిలో రిక్షా పక్కనే సైకిలు నడిపించుకుంటూ వరహాలు తల దించుకుని, దారిన పోయేవాళ్ల పాదాలే చూస్తూ వచ్చాడు. ధనమ్మ అతను బాధపడుతున్నాడనుకుంది. అతను ఆశ్చర్యంలో ఉన్నాడు. ఇంటి దగ్గర ఆమెను దించుతూ అన్నాడు. "ఆ సేసినోడు ఎవుడో గానీ ఆడి మనిసిని సూసి సేసినాడే. నాను ఆడి కుర్సీని సూసినాను. నా మనిసిని సూడనేదు."

ఆ మర్నాడు కొలతల పురికొస విప్పేసి, దాంతో కట్టెలమోపు కట్టాడు.

తరువాత అతను చేసింది సెంట్రింగ్ మేస్త్రికే తోచాలి. వాలుగా ఒక పెట్టె బిగించి, తడి ఇసక నింపి, పైన పల్చటి గుడ్డ పరిచాడు. సూర్యకాంతం ఒక పక్కా తను ఒక పక్కా పట్టుకుని ధనమ్మను దానికి ఆనించి పడుకోబెట్టారు. "నొప్పి పుట్టీకాడ సెప్పు" అంటూ వరహాలు చెయ్యి దూర్చి, అక్కడ ఇసక తీసేశాడు, ఇక్కడ కూరాడు. మళ్లీ ఆనించాడు. మళ్లీ తీశాడు. ధనమ్మ విసుక్కుంది, ఏడ్చింది, తర్వాత ఒక క్షణాన ఏమీ అనలేదు. చూస్తే కళ్లు మూసుకుని ఉంది. బిగిసిన మొహం విడిపోయింది.

"ఏటే?"

"మాటాడకు" అంది ధనమ్మ. "నొప్పి నేదు."

ఆమెను లేపాక ఇసకలో గుంట మిగిలింది. దాంట్లో సిమెంటు పోశాడు. ఆరాక పెట్టె ఊడదీసి, ఇసక దులిపి, గోడకు నిలబెట్టాడు. అది ధనమ్మ వీపు. ఒక భుజం కాస్త కిందికి, నడుం దగ్గర విరిగి అతికిన వంకర, అన్నీ ఉన్నాయి. మంచం మీంచి మెడ తిప్పి ధనమ్మ దాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"నా ఈపు ఇలగుంతాదేటి?" అంది. "నాను ఎప్పుడూ సూసుకోనేదు."

ఎవరు చూసుకుంటారు? మనల్ని పుట్టినప్పట్నించీ మోస్తూ, మనకెప్పుడూ కనబడని వీపది. వరహాలు దాని మీద చెయ్యి వేసి, గుళ్లో నిలబడ్డట్టు నిలబడిపోయాడు. నాకైతే ఆ గదిలో గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు.

ఆ సిమెంటు వీపు మీదే షహతూత్ బద్దల్ని ఆవిరి పట్టి వంచాడు. కాళ్లు కురచ చేశాడు. చేతుల్ని కొంచెం ఎత్తు పెంచి, లేచేటప్పుడు ఊతం దొరికేలా ముందుకు సాగదీశాడు. సూర్యకాంతం దగ్గరుండి, ధనమ్మ మంచం మీంచి చెప్తుంటే గడ్డితాడు అల్లింది. రూపం చూస్తే అదే వంశం. సన్నటి కాళ్లు, మేకు లేని సంధులు, గాలి ఆడే ఒళ్లు. కానీ సోనారీ కుర్చీ పక్కన పెడితే కొలతలేవీ కలవవు.

కుర్చీని గుమ్మం పక్కన వేసి, పొద్దున్నే ధనమ్మను అందులో కూర్చోబెట్టాడు. పాదాలు రెండూ నేల మీద ఆనాయి. ఆమె వీధికేసి చూసింది. కూరలోడు బండి ఆపి "అరే, దీదీ!" అన్నాడు. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు ఆగి పలకరించారు. ఎవరో పసిపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టారు. మధ్యాహ్నం దాకా ఆమె లేవలేదు. లోపలికి తీసుకెళ్తానంటే, "ఉండు మావా, ఇంకా సూడాల" అంది. వరహాలు నేల మీద కూర్చుని, వీధిని చూస్తున్న ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత అతను కాంట్రాక్టు పనికి పోలేదు. బిర్సానగర్‌లో రేకుల షెడ్డు వేసుకుని, ధనమ్మను అక్కడికే మార్చుకున్నాడు. కూర్చోలేనివాళ్లు అతని దగ్గరికి రావడం మొదలుపెట్టారు. గూని పడిన ముసలాళ్లు, బాలింతలు, ప్రమాదంలో కాలు పోయిన పోలరాజు అనే రైల్వే పాయింట్స్‌మన్. అందర్నీ ముందు ధనమ్మ పలకరించేది. వరహాలు వాళ్లు నడిచే తీరూ, బెంచీ మీద చతికిలబడే తీరూ చూసి, అప్పుడు ఇసక పెట్టె తెచ్చేవాడు. నొప్పి లేనివాళ్లు కూడా వచ్చేవారు, బాగుందని. పెళ్లిళ్లకు ఇనప బీరువాతో బాటు వరహాలు కుర్చీ అడిగే ఇళ్లుండేవి. ఒకరోజు గౌరీదేవి కూడా వచ్చి ఒకటి చేయించుకుంది, తన పాదాలు నేలకు అందేటట్టు. అందులో కూర్చుని ఆవిడ బెంగాలీలో ఏదో అనుకుంది. ఏమిటని అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

ఎనభై ఆరులోననుకుంటాను, నది అవతల మాంగో పేటలో ఒక పెళ్లికి అందరం కలిసి ఆటోలో సువర్ణరేఖ వంతెన దాటి వెళ్లాం. ధనమ్మ జాకెట్టు కుట్టు ఊడితే, బజారులో పద్మకుమారి అనే ఆవిడ కుట్టుమిషను కొట్టు కనిపించి ఆగాం. పద్మకుమారి కూర్చున్న కుర్చీ చూసి వరహాలు గుమ్మంలోనే ఆగిపోయాడు. సన్నబడే కాళ్లు, వంపు తిరిగిన వీపు, గడ్డితాడు అల్లిక. కానీ చేతులు లేవు. మిషను మీదికి వంగితే మోచేతులకు అడ్డం రాకుండా వీపు కర్రను భుజాల కిందే ఆపేశారు. కూర్చునే చోటు కాస్త ముందుకు వాలి ఉంది.

"ఎవులు సేసినారమ్మా ఇది?" అన్నాడు.

"మా మరిది ఆదిబాబు. బిర్సానగర్లో ఎవరింట్లోనో ఇలాంటిది చూశాడట. నాకు మిషను దగ్గర మెడ లాగేస్తోందని, మార్చి చేశాడు. ఇప్పుడీ వీధిలో కుట్టేవాళ్లందరికీ ఇవే."

ధనమ్మ గర్వం పట్టలేక నోరు తెరవబోయింది. వరహాలు ఆమె చెయ్యి నొక్కాడు. పద్మకుమారిని అడిగి, ఆ కుర్చీలో కూర్చుని, మిషను మీదికి వంగి చూశాడు. లేచి నిలబడ్డప్పుడు అతని మొహం వెలిగిపోతోంది.

"సేతులు తీసీవొచ్చని నాకు తట్టనేదు సూడు" అన్నాడు నాతో.

తిరుగు ఆటోలో, వంతెన మీద, ధనమ్మ అడిగింది. "మూలం నువ్వేనని ఎందుకు సెప్పనేదు మావా?"

"మూలం నానేటి?" అన్నాడు వరహాలు. "సలిదేశంలో ఎవుడో ముసిలోడు. ఆడికి ఎవుడు సెప్పినాడో? ఉడకెట్టమన్నది నువ్వు. కర్ర సెప్పింది సర్దార్జీ. ఇప్పుడు ఈ కుర్రోడు నాకు సెప్పినాడు. అందరం ఒకర్నొకరం సూడకండానే కలిసి పన్జేత్తన్నాం."

ధనమ్మ నది వైపు చూస్తూ, "ఆదివారం ఆ ఆదిబాబుని బోజనానికి పిలు" అంది. అతను వచ్చాడు. ఆ కుర్రవాడూ వరహాలూ షెడ్డులో చాపమీద కూర్చుని, అన్నాలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, బడి బల్లల మీద వంగి కూర్చునే పిల్లల నడుములకు ఎలాంటి కుర్చీ నప్పుతుందో మాట్లాడుకున్నారు.